సమోవన్ ఉచ్చారణ: మీ పాప టీచర్ చెప్పిందే సరైనది

ఆక్లాండ్ స్కూల్లో మీ పాప సమోవన్ (పసిఫిక్ దీవుల్లోని సమోవా భాష) నేర్చుకుంటోందనీ, పుస్తకంలో ఇంగ్లీష్ 'జీ' (g) అక్షరం ఉన్నచోట టీచర్ వేరేగా పలుకుతున్నారనీ రాశారు కదండీ. టీచర్ పలికిందే కరెక్ట్. ఆ అక్షరం మన వర్ణమాలలోని 'ఙ'. భాష అనే మాటను 'ఙఙన' అనాలి. పాపకు 'ఙ' ఒక్కసారి పలికి వినిపించండి, చాలు.

దీర్ఘాలు మాత్రం వదలొద్దు. 'తమ' అంటే అబ్బాయి, 'తమా' అంటే నాన్న! మన పిల్లలకు ఇది తేలికే, తెలుగులోనూ అంతేగా.

థాంక్స్ చెప్పడానికి 'ఫ' అని, గొంతు క్షణం బిగపట్టి, 'అఫెతాయ్' అనాలి. ఇంట్లో రోజూ అనిపించండి. పెద్దవాళ్లు మాటల్లో 'త'ను 'క'గా పలకడం వింటే టెన్షన్ పడకండి, అది వాడుక పద్ధతి. స్కూల్లో 'త'నే నేర్పుతారు.