కొత్త మేనేజర్ కన్నా ముందు ఆయన వెంట వచ్చే మనుషుల్ని చూడండి

ప్రశ్న: "మాంచెస్టర్ యునైటెడ్‌కి తర్వాతి మేనేజర్‌గా ఎవరొస్తే బాగుంటుంది? శ్రీకాకుళంలో మా ఫ్రెండ్స్ గ్రూపు మూడు వర్గాలైపోయింది. కప్పులు గెలిచిన పెద్ద పేరు కావాలని కొందరు, క్లబ్బులో ఆడిన పాత ఆటగాడే రావాలని కొందరు, బయటి లీగులో మెరుస్తున్న కుర్ర కోచ్ కావాలని కొందరు. ఎవరిది రైటు?"

ముగ్గురిదీ కాదు బాబూ. మీరు చెప్పిన మూడు రకాలనీ 2013 తర్వాత ఆ క్లబ్బు తెచ్చి చూసేసింది. వాన్ హాల్, మొరీన్యో పెద్ద పేర్లు. సోల్షేర్ పాత ఆటగాడు. టెన్ హాగ్, అమోరిమ్ బయటి లీగుల్లో మెరిసి వచ్చినవాళ్లు. రకాన్ని బట్టి తేలే సంగతైతే ఈపాటికి ఎప్పుడో తేలిపోవాలి కదా.

మా విజయనగరంలో సిరిమాను చెట్టు ఎక్కడుందో పైడితల్లి అమ్మవారు ఏటా పూజారికి కలలో కనిపించి చెబుతారు. ఫుట్‌బాల్ అభిమానులు మేనేజర్ పేరు కూడా అలాగే దొరుకుతుందనుకుంటారు. రాత్రికి ఒక పేరు తోస్తుంది, తెల్లారేసరికి వాట్సాప్‌లో ఫొటో పెడతారు, ఇక వెళ్లి తెచ్చుకోవడమే తరువాయి. ఆ పేరు వెనక ఉన్న మనుషుల గురించి ఒక్కరూ అడగరు. నన్నడిగితే మొదటి ప్రశ్న అదే: ఆయనతో ఎవరొస్తున్నారు, ఆయన వస్తే ఎవరు వెళ్లిపోతున్నారు?

టచ్‌లైన్ దగ్గర చేతులూపే మనిషే మనకి టీవీలో కనిపిస్తాడు. ఆయన చుట్టూ ఒక అసిస్టెంట్, ఒకరో ఇద్దరో ఫస్ట్ టీమ్ కోచ్‌లు, గోల్‌కీపింగ్ కోచ్, ఫిట్‌నెస్ కోచ్, వీడియో చూసే అనలిస్ట్ ఉంటారు. ఈమధ్య కార్నర్లకీ ఫ్రీకిక్‌లకీ వేరే సెట్‌పీస్ కోచ్ కూడా. శనివారం నుంచి శనివారానికి మ్యాచ్ ఉన్న మామూలు వారం తీసుకోండి. ఆదివారం ఆడినవాళ్లకి తేలిక వ్యాయామం, ఆడనివాళ్లకి గట్టి సెషన్. మంగళవారం అసలు బరువు పని. గురువారం అవతలి జట్టుని దృష్టిలో పెట్టుకుని ఎవరు ఎక్కడ నిలబడాలో చూసుకోవడం. శుక్రవారం కార్నర్లు, ఫ్రీకిక్‌లు, ఒళ్లు అలవకుండా కాసేపు. ఇందులో సగం పైన మేనేజర్ చేతిలో ఉండదు, కోచ్‌ల చేతిలోనే ఉంటుంది. 2013 దాకా యునైటెడ్ మేనేజర్‌గా ఉన్న ఫెర్గూసన్ అయితే రోజువారీ ట్రైనింగ్ కోచ్‌లకి వదిలేసి పక్కన నిలబడి చూసేవాడు. చూడటమే తన పని అని బాహాటంగానే చెప్పుకున్న మనిషి.

2013లో జరిగింది ఈ వెలుతురులో చూడండి. ఆ సీజన్ 89 పాయింట్లతో లీగు గెలిచి ఫెర్గూసన్ తప్పుకున్నాడు. ఎవర్టన్‌లో 11 ఏళ్లు పనిచేసిన డేవిడ్ మోయెస్‌కి ఏకంగా ఆరేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. మోయెస్ మీద చెప్పుకోని జోకు లేదు గానీ, అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చాలామంది పట్టించుకోలేదు. ఆయన తన ఎవర్టన్ మనుషులు స్టీవ్ రౌండ్, జిమ్మీ లమ్స్‌డెన్, క్రిస్ వుడ్స్‌ని వెంటబెట్టుకొచ్చాడు. అప్పటిదాకా ఉన్న అసిస్టెంట్ మైక్ ఫెలన్, గోల్‌కీపర్లని చూసుకునే ఎరిక్ స్టీల్, ఫస్ట్ టీమ్ కోచ్ రెనే మ్యూలెన్‌స్టీన్ వెళ్లిపోయారు. అదే వేసవిలో కొనుగోళ్లు చూసే డేవిడ్ గిల్ కూడా దిగిపోయాడు. అంటే సంతకం పెట్టేవాడు, కొనేవాడు, రోజూ ట్రైనింగ్ నడిపేవాడు అందరూ ఒక్కసారే కొత్తవాళ్లు. ఫెలైనీ సంగతే తీసుకోండి. జూలై ఆఖరుదాకా 23.5 మిలియన్ పౌండ్లకి తెచ్చుకునే క్లాజు అతని కాంట్రాక్టులో ఉంది. ఆ గడువు దాటనిచ్చి, సెప్టెంబరు 2న విండో మూసే గంటల్లో 27.5 మిలియన్లు పోసి తెచ్చారు. ఆ కాంట్రాక్టు మోయెస్‌కి తెలియనిదేం కాదు, అతను ఎవర్టన్‌లో ఆయన దగ్గర ఆడినవాడే!

ఇక 2014 ఫిబ్రవరి 9. ఆదివారం, మన టైము రాత్రి తొమ్మిదిన్నర. ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వచ్చింది ఫుల్‌హమ్, పాయింట్ల పట్టికలో అట్టడుగు జట్టు. దాని మేనేజర్ ఎవరో కాదు, ఏడు నెలల కిందట ఇదే క్లబ్బు నుంచి వెళ్లిపోయిన మ్యూలెన్‌స్టీన్. ఎదుటి జట్టులో ఎవరు ఏ కాలితో కట్ చేస్తాడో, ఎవరు పెనాల్టీ బాక్సులో ఎక్కడికి పరిగెడతాడో కంఠతా వచ్చిన మనిషి. ఆయన చేసింది చాలా సాదా పని. తన ఆటగాళ్లని పెనాల్టీ బాక్సు ముందు రెండు వరుసల్లో దగ్గర దగ్గరగా నిలబెట్టి మధ్య దారి మూసేశాడు. రెండు పక్కలా ఖాళీ వదిలేశాడు. "రండి, పక్కనుంచి బంతి ఎత్తండి" అన్నట్టే. యునైటెడ్ ఎత్తింది. ఎత్తుతూనే ఉంది. ఆ ఒక్క మ్యాచ్‌లో 81 క్రాస్‌లు. మధ్యలో ఆరున్నర అడుగుల డాన్ బర్న్ వచ్చినవి వచ్చినట్టు తలతో బయటికి కొట్టాడు. తొంభై నిమిషాలకి 81 అంటే దాదాపు నిమిషానికొకటి. మధ్యలోంచి సన్నటి పాస్‌లు వేసే హువాన్ మాటాని అంతకు ముందు నెలలోనే 37.1 మిలియన్ పౌండ్లు పెట్టి కొన్న జట్టు ఇది!

19వ నిమిషంలో సిడ్వెల్ గోల్‌తో ఫుల్‌హమ్ ముందుకెళ్లింది. 78వ నిమిషంలో వాన్ పెర్సీ, 80లో కారిక్ కొట్టేసరికి గండం గట్టెక్కిందనే అనిపించింది. ఇంజురీ టైములో ఫుల్‌హమ్ ఆటగాడు డారెన్ బెంట్ తలతో నెట్టాడు. 2-2. ఆ మ్యాచ్‌ని అందరూ "మోయెస్‌కి క్రాస్‌ల పిచ్చి" అని గుర్తుపెట్టుకున్నారు. నేనైతే అలా చూడను. తాళం ఎలా తెరుచుకుంటుందో తెలిసినవాణ్ణి బయటికి పంపారు, అతనే వచ్చి బయటినుంచి గడియ పెట్టాడు. ఏప్రిల్ 22న మోయెస్‌ని తీసేశారు, జట్టు ఏడో స్థానంలో ముగిసింది. తమాషా ఏటంటే, ఆ డ్రా తర్వాత వారం తిరక్కుండానే ఫుల్‌హమ్ మ్యూలెన్‌స్టీన్ స్థానంలో మగాత్‌ని కూర్చోబెట్టింది, సీజన్ ఆఖర్న కింది డివిజన్‌కి పడిపోయింది. క్లబ్బు యజమానులకి బుద్ధి ఒక ఊళ్లోనే ఉండదని కాదు, ఏ ఊళ్లోనూ ఉండదు.

దీనికి ఉల్టా లెస్టర్ క్లబ్బు. 2015లో మేనేజర్‌గా రనియేరి వస్తున్నాడనగానే అందరూ పెదవి విరిచారు. అంతకు ముందు ఆయన గ్రీస్ జట్టుతో ఫ్యారో దీవుల చేతిలో సొంతగడ్డ మీద ఓడి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. వచ్చి ఏం చేశాడు? ఉన్న అసిస్టెంట్ క్రెయిగ్ షేక్‌స్పియర్‌ని, ఆటగాళ్లని వెతికే స్టీవ్ వాల్ష్‌ని ఉంచుకున్నాడు. గత సీజన్ ఆఖరి తొమ్మిదిలో ఏడు గెలిచిన జట్టుని కెలకలేదు. 81 పాయింట్లతో లీగు గెలిచాడు. మరుసటి వేసవిలో వాల్ష్ ఎవర్టన్‌కి వెళ్లిపోయాడు, ఫిబ్రవరికల్లా రనియేరి ఇంటికి. మిడ్‌ఫీల్డర్ కాంటే వెళ్లిపోవడం కూడా కారణమే అంటారు. సరే, కాదనను. ఆ కాంటేని వెతికి తెచ్చింది ఎవరు మరి?

ఇక్కడ మీలో ఎవరైనా నన్ను లివర్‌పూల్ పేరు చెప్పి పట్టుకోవచ్చు. 2024లో మేనేజర్ క్లోప్‌తో పాటు ఆయన అసిస్టెంట్లు లైండర్స్, క్రావిట్జ్ కూడా వెళ్లారు, కొత్త మేనేజర్ స్లాట్ తన మనుషుల్ని తెచ్చుకున్నాడు, అయినా మొదటి ఏడే లీగు గెలిచారు కదా అని. నిజమే. అక్కడ ఆట పద్ధతి మేనేజర్ జేబులో లేదు, క్లబ్బు దగ్గరుంది. ఇదివరకు కొనుగోళ్లు చూసిన మైకేల్ ఎడ్వర్డ్స్‌ని వెనక్కి తెచ్చారు, రిచర్డ్ హ్యూస్‌ని స్పోర్టింగ్ డైరెక్టర్‌గా పెట్టారు, ఆ తర్వాతే ఉన్న ఆటగాళ్లతో ఆడించగల కోచ్‌ని వెతికారు. అభిమానులంతా షాబీ అలోన్సో జపం చేశారు. ఆయన లెవర్‌కూసన్‌లోనే ఉంటానన్నాడు. ఫేయనూర్డ్ నుంచి స్లాట్ వచ్చాడు. అదే నలుగురి డిఫెన్స్, అవే వింగ్‌లు. కొందామనుకున్న మిడ్‌ఫీల్డర్ జుబిమెండీ రానంటే ఉన్న గ్రావెన్‌బెర్క్‌ని వెనక్కి జరిపి డిఫెన్స్ ముందు నిలబెట్టాడు. ఆ సీజన్‌కి జట్టులోకి కొత్తగా వచ్చింది ఒక్క కియేసా. నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగానే టైటిల్.

అదే ఏడు యునైటెడ్‌ని పక్కన పెట్టి చూడండి. ఎఫ్‌ఏ కప్పు గెలిచాడని జూలైలో టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించి, అక్టోబరు 28న తీసేశారు. అమోరిమ్‌ని వదలాలంటే ఆయన పాత క్లబ్బు స్పోర్టింగ్‌కి 10 మిలియన్ యూరోలు కట్టాలనే క్లాజు, దానికి తోడు నెలరోజుల నోటీసు. ఆయన నవంబరు 11న దిగేదాకా టెన్ హాగ్ అసిస్టెంట్ వాన్ నిస్టల్‌రాయ్ నాలుగు మ్యాచ్‌లు నడిపాడు: మూడు గెలుపులు, ఒక డ్రా. వెంటనే అతన్ని పంపేశారు. ఉన్న ఆటగాళ్ల గురించి తెలిసినవాణ్ణి పంపేయడం ఆ క్లబ్బుకి ఆచారమైపోయింది. ఆపైన వెనక ముగ్గురే డిఫెండర్లుండే 3-4-2-1. ఈ పద్ధతికి కనీసం ఐదుగురు సెంటర్‌బ్యాక్‌లు కావాలి, ముగ్గురు ఆడితే ఇద్దరు చేతిలో ఉండాలి. టచ్‌లైన్ వెంబడి ఈ చివరినుంచి ఆ చివరికి తొంభై నిమిషాలూ పరిగెత్తే వింగ్‌బ్యాక్‌లు పక్కకి ఇద్దరేసి కావాలి. అసలు సిసలు వింగర్లకి చోటే లేదు. జట్టులో ఉన్నదేమో వింగర్లు: రాష్‌ఫర్డ్, గర్నాచో, ఆంటనీ. ఎడమవైపు షా, మలాసియా గాయాలతో సతమతం. జనవరి విండోలో రాష్‌ఫర్డ్, ఆంటనీలని లోన్ మీద పంపి, లెచ్చే నుంచి వింగ్‌బ్యాక్ డోర్గూని కొన్నారు. 42 పాయింట్లు, 15వ స్థానం, యూరోపా ఫైనల్లో టోటెన్‌హామ్ చేతిలో 1-0 ఓటమి. కోచ్ చెడ్డవాడని నేననను. తోక ముందు కొని తర్వాత ఏనుగుని వెతికారు.

పెద్ద పేరే కావాలనే మీ మొదటి వర్గానికి ఒక మాట. నాయకుణ్ణి పలుకుబడి చూసి పెడితే ఏమవుతుందో విజయనగరం వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి మన రాజవంశీకుడు విజ్జీ కెప్టెన్. మూడు టెస్టుల్లో కలిపి 33 పరుగులు. బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఓడ ఎక్కించి ఇంటికి పంపారు. సిరీస్ 2-0తో పోయింది.

పాత ఆటగాళ్ల వర్గం సోల్షేర్ మొదటి ఎనిమిది గెలుపులు ఏకరువు పెడతారు. 2019 మార్చి 6న పారిస్‌లో పీఎస్‌జీ మీద 3-1 గెలిచిన మ్యాచ్ మళ్లీ చూడండి. మొదటి గోల్ అవతలి డిఫెండర్ కేరర్ వెనక్కిచ్చిన గుడ్డి పాస్, రెండోది వాళ్ల గోల్‌కీపర్ బుఫాన్ చేతిలోంచి జారిన బంతి, మూడోది వీఏఆర్ (వీడియో రిఫరీ) ఇచ్చిన పెనాల్టీ. ఆ ఊపులో అదే నెల 28న పక్కా ఉద్యోగం ఇచ్చేశారు. సీజన్ ఆఖరి రోజు అప్పటికే కింది డివిజన్‌కి పడిపోయిన కార్డిఫ్ వచ్చి ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 2-0 కొట్టి పోయింది. తాత్కాలిక మేనేజర్ మొదటి పది మ్యాచ్‌ల గెలుపు శాతం పట్టుకుని వాదించేవాళ్లతో మాట్లాడటం దండగ. ఇరవై మ్యాచ్‌లు దాటాక, చేసిన అవకాశాలెన్ని ఇచ్చిన అవకాశాలెన్ని అని ఎక్స్‌జీ (అవకాశాల నాణ్యతని బట్టి రావాల్సిన గోల్స్ లెక్క) తేడా చూడండి. గెలుపులు ఎక్కువుండి ఆ తేడా సున్నా దగ్గరుంటే గోల్‌కీపరో అదృష్టమో మోస్తోందని అర్థం.

కుర్ర కోచ్‌ని యూట్యూబ్‌లో ఐదు నిమిషాల ముక్కలు చూసి ప్రేమించకండి. మూడు పూర్తి మ్యాచ్‌లు చూడండి: ఒకటి ఓడిపోయినది, ఒకటి పదిమందితో గోల్ ముందు కూర్చున్న జట్టు మీద ఆడినది, ఒకటి బయటి గ్రౌండ్‌లో ఒక గోల్ ఆధిక్యంలో ఉన్నది. మొదటిదాంట్లో అరవయ్యో నిమిషం తర్వాత ఎవర్ని మార్చాడో, ఎందుకో చూడాలి. రెండోదాంట్లో 81 క్రాస్‌ల రోగం ఉందో లేదో తెలుస్తుంది. మూడోదాంట్లో ఆఖరి ఇరవై నిమిషాలు డిఫెన్స్ ఎక్కడ నిలబడిందో గమనించండి. మెల్లమెల్లగా సొంత పెనాల్టీ బాక్సులోకి జారిపోతే ఆ భయం పెద్ద క్లబ్బులో రెట్టింపవుతుంది. ఏ మ్యాచైనా బంతి పోయిన మొదటి ఐదు సెకన్లలో ముగ్గురైనా దాని మీదికి దూకుతున్నారా లేదా చూడండి. కెమెరా బంతితోనే పోతుంది కాబట్టి ఇది ఫ్రేము అంచుల్లో వెతుక్కోవాలి. ఓపిక కావాలి. అర్ధరాత్రి ఒంటిగంటన్నరకి ఛాంపియన్స్ లీగ్ చూసే మనవాళ్లకి ఓపిక లేదనడానికి వీల్లేదు, కానీ ఆ నిద్రమత్తులో చూసేది గోల్సే.

దూరం ఎందుకు, ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019-20లో ఆఖరి స్థానం. రోకాని కోచ్‌గా అనుకుంటే ఆయన బార్సిలోనాకి ఫిట్‌నెస్ కోచ్‌గా వెళ్లిపోయాడు. బదులుగా వచ్చిన మనోలో మార్కెజ్ అంటే ఎవరో ఇక్కడ చాలామందికి తెలియదు. కానీ కింద కోచ్ తంగ్‌బోయి సింగ్టో ఉన్నాడు, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్రాళ్లు ఉన్నారు. మనోలో వాళ్లనే ఆడించాడు, రెండో ఏడు ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు, 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో 3-1తో కొట్టి కప్పు తెచ్చారు. ఈ మ్యాచ్‌ల గురించి మాట్లాడేవాళ్లు మన రెండు జిల్లాల్లో ఎంతమంది? మన స్కూలు జట్లకి పీఈటీ మాస్టారే మేనేజరు, కోచ్, ఫిజియో, బస్సు టికెట్లు తీసే మనిషి కూడా. ఆయనకో అసిస్టెంట్ కావాలని ఎవరూ గ్రూపులు కట్టి కొట్టుకోరు మరి.

పేరు చెప్పమంటే చెప్పను, ఆనవాళ్లు చెబుతాను. నలుగురి డిఫెన్స్‌తో ఆడించేవాడు, ఉన్న వింగర్లని వాడుకునేవాడు. ఆటగాళ్లని వేరే మనిషి కొనే క్లబ్బులో కనీసం రెండు పూర్తి సీజన్లు పనిచేసినవాడు. వేసవిలో వచ్చేవాడు, నవంబరులో కాదు. తన అసిస్టెంట్‌ని తెచ్చుకుంటూనే ఉన్న కోచ్‌లలో ఒక్కణ్ణైనా ఉంచుకుంటానని ముందే ఒప్పుకునేవాడు. ప్రకటన వచ్చిన రోజు మీ గ్రూపులో అందరూ ఆయన ఫొటో షేర్ చేస్తారు. మీరు మాత్రం స్టాఫ్ జాబితా ఎప్పుడొస్తుందో చూడండి. పాత పేరు ఒక్కటీ లేకపోతే ఆ ఏడు మొదటి నాలుగు స్థానాల మీద పందెం కాయకండి.