ఒకే మండలంలో ఒక ఊరికి వాన, ఒక ఊరికి ఎండ: నమూనాల్లో మేఘాల లెక్క

ప్రశ్న: జూన్‌లో మా మండలానికి మోస్తరు వర్షం ఉందని సెల్‌ఫోన్‌కు సూచన వస్తే నమ్మి చెలకలో పత్తి గింజలు పెట్టాం. మూడు కిలోమీటర్ల అవతలి ఊళ్లో వాగు పారింది, మాకు చినుకు రాలలేదు. ఇంత పెద్ద కంప్యూటర్లు ఉండి మేఘం ఎక్కడ వస్తుందో ఎందుకు చెప్పలేకపోతున్నారు?
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: వాతావరణ నమూనా, అంటే సూచనను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్, భూమిని గడులుగా విడదీసి, ప్రతి గడికీ ఒక్కో ఎత్తులో ఒకే ఉష్ణోగ్రతను, ఒకే తేమను లెక్కిస్తుంది. ఇటీవలి దాకా మన దేశంలో వాడిన ప్రపంచ స్థాయి నమూనాల్లో గడి వెడల్పు సుమారు 12 కిలోమీటర్లు, అంటే ఒక్కో గడి కింద 144 చదరపు కిలోమీటర్ల నేల ఉంటుంది. మీ ఊరూ ఆ ఊరూ బహుశా ఒకే గడిలో ఉన్నాయి కనుక, రెండింటికీ వేర్వేరు జవాబు చెప్పే వీలు దానికి లేదు.

చిక్కు అంతటితో ఆగదు. గాలిలో తేమ సంతృప్త స్థితిని, అంటే నూరు శాతాన్ని, దాటిన చోటే మేఘం పుడుతుంది. గడిలో సగం భాగంలో 75 శాతం, మిగతా సగంలో 105 శాతానికి సరిపడే తేమ ఉందనుకుందాం. రెండో సగంలో అదనపు తేమ బిందువులుగా మారి మేఘం కడుతుంది, కానీ సగటు 90 శాతమే కాబట్టి, సగటును మాత్రమే చూసే నమూనాకు అక్కడ మేఘమే లేదు. మండలాన్ని యూనిట్‌గా తీసుకున్న పంటల బీమాలో ఒక రైతు నష్టం సగటులో కనిపించకుండా పోయినట్టే ఇదీ జరుగుతుంది.

అందుకే గడి లోపలి హెచ్చుతగ్గులను శాస్త్రవేత్తలు విడిగా ఊహించి లెక్కలో కలుపుతారు. దీన్ని పారామీటరైజేషన్ అంటారు. సుండ్‌క్విస్ట్ బృందం 1989లో ప్రచురించిన సూత్రం ప్రకారం, తేమ ఒక హద్దును దాటగానే గడిలో కొంత భాగాన్ని మేఘం కమ్మినట్టు లెక్క. హద్దు 80 శాతమైతే, సగటు తేమ 90 శాతం ఉన్న గడిలో దాదాపు 29 శాతం భాగం మేఘావృతమవుతుంది. ఆ 29 శాతం ఏ ఊరి మీద ఉందో మాత్రం సూత్రం చెప్పదు. అంతకుముందే, 1977లో, సొమ్మేరియా, డియర్‌డార్ఫ్ గడిలో తేమ ఎలా పరుచుకుని ఉంటుందో గణాంక పద్ధతిలో ఊహించే మార్గం చూపారు. 1993లో టీడ్‌కె మేఘం కమ్మిన భాగాన్నే, పెరిగే తరిగే రాశిగా, ఒక గంట నుంచి మరో గంటకు నమూనా వెంట తీసుకువెళ్లే పద్ధతి ప్రతిపాదించారు.

మేఘం ఉందని తేలాక కూడా వాన లెక్క సులువు కాదు. ఒక వాన చినుకు కావాలంటే సుమారు పది లక్షల మేఘ బిందువులు కలవాలి, ఆ కలయిక వేగం మేఘంలోని నీటికి అనుపాతంలో పెరగదు, అంతకంటే చాలా వేగంగా పెరుగుతుంది. 2000లో ఖైరుద్దీనోవ్, కోగన్ ఇచ్చిన సూత్రంలో ఆ వేగం మేఘంలోని నీటికి 2.47 ఘాతంగా పెరుగుతుంది, అంటే నీరు రెండింతలైతే వేగం దాదాపు ఐదున్నర రెట్లవుతుంది. నీరంతా గడిలో సగం భాగంలోనే పోగైతే, సమంగా పరుచుకున్నప్పటి కంటే దాదాపు 2.8 రెట్ల వేగంతో అది చినుకులుగా మారుతుంది. మీ పక్క ఊళ్లో వాగు పారడానికీ, సూచనలో మోస్తరు అని ఉండడానికీ మధ్య తేడాలో ఈ లెక్కకూ పాత్ర ఉండవచ్చు.

మీ జిల్లాలోనే మిర్యాలగూడ వైపు సాగర్ కాలువ కింద నీళ్లు నిలిచిన పొలాలు, దేవరకొండ వైపు ఎండిన చెలకలు ఉన్నాయి. నేల నుంచి గాలిలోకి చేరే తేమ రెండు చోట్లా ఒకటి కాదు. నా దృష్టిలో, మండలం పేరు పెట్టి పంపే సూచనను ఒక్కో చేనుకు వర్తింపజేయడం ఆ అంకెలు మోయగలిగిన దానికి మించిన బరువు. చేలో పదును చూసుకున్నాకే గింజ పెట్టడం మేలు.

ప్రశ్న: గడిని చిన్నది చేస్తే సమస్య తీరిపోదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: కొంత తీరుతుంది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం రూపొందించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అనే నమూనా 2025 మేలో 6 కిలోమీటర్ల గడితో మొదలైంది. గడి వెడల్పును సగం చేస్తే గడుల సంఖ్య నాలుగింతలు, కాలపు అడుగులు (ఒక లెక్క నుంచి తర్వాతి లెక్కకు నమూనా ముందుకు వేసే చిన్న చిన్న వ్యవధులు) రెండింతలు అవుతాయి, అంటే లెక్క ఎనిమిదింతలు. అయినా చిన్న క్యుములస్ మేఘం కిలోమీటరు వెడల్పు కూడా ఉండదు. పైగా కొన్ని కిలోమీటర్ల గడిలో పెద్ద ఉరుము మేఘాల్లో కొంత భాగం నమూనా సమీకరణాల్లో నేరుగా కనిపిస్తుంది, మిగతాది పారామీటరైజేషన్ ఊహలో ఉంటుంది, ఒకే మేఘాన్ని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం అక్కడే ఉంది.

సరైన ఊహకు కొలతలు కావాలి. వాటి కోసమే ఐఐటీఎం కైపీక్స్ అనే మేఘాల పరిశీలన ప్రయోగంలో భాగంగా 2011 వానాకాలంలో మీ మహబూబ్‌నగర్‌లోనే నేలమీది పరికరాలతో పరిశీలనలు చేసింది. పడమటి కనుమల చాటున ఉన్న ఈ వర్షచ్ఛాయ ప్రాంతంలో మేఘాలు కమ్మినా వాన ఎందుకు కురవదన్నది అందులో ఒక ముఖ్య ప్రశ్న.

ప్రశ్న: యాభై ఏళ్ల తర్వాతి వాతావరణ అంచనాలకూ ఇదే ఇబ్బంది ఉంటుందా?
– ఒక ఉపాధ్యాయుడు, గద్వాల

జవాబు: ఉంటుంది, ఇంకా ఎక్కువగా. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 2.5 నుంచి 4 డిగ్రీల వరకు వేడెక్కవచ్చని వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది. ఆ అంకెల మధ్య ఎడానికి పెద్ద కారణం మేఘాలే. ఆ నమూనాల్లో చాలావాటి గడి సుమారు 100 కిలోమీటర్లు, అంటే విస్తీర్ణంలో ఉమ్మడి పాలమూరు జిల్లా మొత్తం రెండు గడుల్లో ఇమిడిపోతుంది.