సజ్జ మీది పాత వాల్వు టీవీని ఇంట్లోనే బాగు చేసుకోవచ్చా?

హుజూరాబాద్ నుంచి మీరు అడిగింది ఇది: తాతగారు కొన్న ఇరవై ఇంచుల బ్లాక్ అండ్ వైట్ వాల్వు టీవీ ముప్పై ఏళ్లకు పైగా సజ్జ మీదే ఉంది, ఇల్లు మారుతూ ఇప్పుడు కిందికి దించారు. ఒకసారి ప్లగ్గు పెట్టి చూడొచ్చా, అసలు ఇది ఇంట్లో కూర్చుని చేసుకునే పనేనా అని.

చేసుకునే పనే. ప్లగ్గు మాత్రం ఇప్పుడే పెట్టకండి. మా బాపు కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసేటప్పుడు కొన్న సెట్టును నేను ఇంట్లోనే బాగు చేసుకున్నాను. ఆ తర్వాత తెలిసినవాళ్లవి కూడా కొన్ని చేసిచ్చాను. ఇప్పటికీ మా ముందు గదిలో అది నడుస్తోంది.

ఇలాంటి సెట్టు చేతికొచ్చినవాళ్ల చూపు ముందుగా వాల్వుల మీద పడుతుంది. ఇప్పుడు దొరుకుతాయో లేదో, ఎంత పెట్టాలో అని అక్కడే ఆగిపోతారు. నేను విప్పిన సెట్లలో వాల్వులు చాలావరకు నిక్షేపంగా ఉన్నాయి. చెడిపోయినవి కండెన్సర్లు (ఛార్జి నిలవ ఉంచేవి, కెపాసిటర్లన్నా ఇవే), వాటి తర్వాత రెసిస్టెన్సులు (కరెంటును అడ్డుకునేవి). ఇవి వాడకపోయినా చెడిపోతాయి, మన దిక్కు ఇంకా తొందరగా. రేకుల కిందో, సజ్జ మీదో ఉన్న పెట్టెకు ఎండాకాలం 44, 45 డిగ్రీల వేడి, అది తగ్గీ తగ్గకముందే ముసురు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు లోపల ఎండిపోతాయి. కాగితం కండెన్సర్ల మైనం కరిగి కారుతుంది, ఆ సందులోంచి తేమ పడుతుంది. ఆ స్థితిలో ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే పాడైన కండెన్సరు పోతూ పోతూ ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్‌ను (పిక్చర్ ట్యూబుకు వేల వోల్టులు ఇచ్చేది) కూడా కాల్చేయొచ్చు. వాల్వు పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఇంకో పాత సెట్టు విప్పి తీయాల్సిందే.

ముందు ప్రాణం సంగతి చూద్దాం. ఈ సెట్లలో చాలావాటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ప్లగ్గు తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్‌కు కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గును తిరగేసి పెట్టారంటే ఆ ఇనుప చట్రమంతా ఫేజే. వెనక అట్ట, ప్లాస్టిక్ నాబులు ఉన్నంతసేపే మనకు రక్షణ. అట్ట విప్పి పని చేయాలంటే సెట్టును మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. స్టెబిలైజర్లు చుట్టేవాళ్లు వరంగల్, కరీంనగర్‌లో ఇప్పటికీ ఉన్నారు, చెప్తే చుట్టిస్తారు. అడిగేటప్పుడు ఒక మాట గట్టిగా చెప్పండి: ప్రైమరీ (కరెంటు వచ్చే చుట్ట) వేరు, సెకండరీ (బయటికి ఇచ్చే చుట్ట) వేరు, రెండింటికీ మధ్య ఎక్కడా కనెక్షన్ ఉండొద్దు అని. స్టెబిలైజర్‌లో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్ (రెండింటికీ ఒకే చుట్ట), నాబు తిప్పి వోల్టేజీ మార్చే డిమ్మర్‌స్టాట్ కూడా అంతే. వోల్టేజీ తగ్గించినా ఆ రెండూ మిమ్మల్ని ఫేజు నుంచి కాపాడవు. సెట్టు తినేది 150 వాట్లకు కాస్త పైనే అయినా 500 వీఏది చేయించండి. లోపల ఒక్క డయోడుతో సగం వేవును మాత్రమే డీసీగా మార్చే సెట్లు ఎక్కువ, ఆ ఒకవైపు కరెంటుకు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కిపోతుంది. ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా కూడా ఒక చేయి జేబులో పెట్టుకుని ఒక్క చేత్తోనే కొలవడం అలవాటు చేసుకోండి.

రెండో ప్రమాదం పిక్చర్ ట్యూబ్. ఇరవై ఇంచుల ట్యూబుకు పదిహేను, పదహారు వేల వోల్టులు కావాలి. ట్యూబు గాజుకు లోపలా బయటా ఉన్న నల్లటి పూత వల్ల అదే పెద్ద కండెన్సర్‌లా పనిచేస్తుంది, స్విచ్చి ఆపినా ఛార్జి నిలబడుతుంది. సజ్జ మీంచి ఇప్పుడే దించిన దాంట్లో ఏమీ ఉండదు కానీ, మీరు ఒకసారి నడిపాక ప్రతిసారీ ఆ ఛార్జిని దింపాల్సిందే. ట్యూబు వెనక నల్లపూతకు ఆనుకుని జడలా అల్లిన ఎర్తు తీగ ఉంటుంది. దానికి క్లిప్పుతో ఒక తీగ కట్టి, మధ్యలో ఒక మెగ్ ఓమ్ (పది లక్షల ఓమ్‌ల) రెసిస్టెన్సు పెట్టి, రెండో కొసను మంచి పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌కు కలిపి, ట్యూబుకు వేల వోల్టులు తెచ్చే తీగ చివరుండే రబ్బరు టోపీ కిందికి పోనివ్వండి. ఇక ట్యూబు మెడ: అది పలచటి గాజు, లోపల శూన్యం. మెడ పట్టుకుని ఎత్తొద్దు, దాని దగ్గర పానా జారనివ్వొద్దు. కళ్లద్దాలు పెట్టుకుని పని చేయండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

ఇప్పుడు దుమ్ము. మెత్తటి కుంచె, బ్లోవర్ చాలు. వాల్వుల మీది నంబర్లను తడిగుడ్డతో తుడిస్తే అక్షరాలు ఊడొస్తాయి. ముందు ఫొటో తీసుకుని, ఏది ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. ఎలుకలు కొరికిన తీగలు, వాటి మూత్రం పడి పచ్చబారిన టంకాలు ఉంటాయి, ఓపిగ్గా చూడాలి. వేడెక్కే పెద్ద రెసిస్టెన్సు పైన బూడిద రంగు అట్టలాంటిది ఉంటే గీకకండి, ఆస్‌బెస్టాస్ అయి ఉండొచ్చు. ఛానెల్ నాబు వెనకున్న ట్యూనర్ కాంటాక్టులకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, పెట్రోలు వద్దు. చెక్క పెట్టెకు స్పిరిట్ పాలిష్ సరిపోతుంది. జరిపే షట్టర్ ఉన్న మోడల్ అయితే దాని వెనక అంటించిన గుడ్డ పీలికలవుతుంది, కొత్త గుడ్డ అంటిస్తే షట్టర్ మళ్లీ సాఫీగా జరుగుతుంది. ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏళ్ల తేమ ఉంటుంది కాబట్టి ఆ భాగం పక్కన 40 వాట్ల బల్బు వెలిగించి ఒకట్రెండు రోజులు మెల్లగా ఆరనివ్వండి. మైనం కరిగేంత దగ్గరగా మాత్రం పెట్టకండి.

ప్లగ్గు పెట్టకుండానే తెలిసేవి చాలా ఉన్నాయి. వాల్వు మీది మొదటి అక్షరం పీ అయితే (పీసీఎల్85, పీఎల్504, పీవై88 లాంటివి) దాని ఫిలమెంటు 300 మిల్లీ ఆంపియర్లది. ఇవన్నీ పిక్చర్ ట్యూబు ఫిలమెంటుతో సహా ఒకే వరసలో ఉంటాయి, పెళ్లింట్లో కట్టే సీరియల్ సెట్టు లాగా. ఒక్కటి తెగితే ఒక్కటీ వెలగదు. చాలామంది ఇక్కడే బెంబేలెత్తి అన్ని వాల్వులూ పోయాయనుకుంటారు. తొమ్మిది పిన్నుల వాల్వుల్లో ఎక్కువ వాటికి ఫిలమెంటు 4, 5 పిన్నుల మధ్య ఉంటుంది. మీటరు పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటే తెగింది దొరికిపోతుంది. వాల్వు గాజు లోపల అద్దంలా మెరిసే మచ్చ పాలలా తెల్లబడి ఉంటే గాలి చొరబడినట్టు, దాన్ని పక్కన పెట్టేయండి. మిగతావాటిని నమ్మండి.

తర్వాత కండెన్సర్లు. మైనం పూసినవి, గోధుమరంగు కాగితంవి, నల్లటి ముద్దలా ఉన్నవి, బాగున్నట్టు కనపడినా మార్చేయండి. వాటి స్థానంలో అదే విలువ గల 630 వోల్టుల పాలిస్టర్ వేయండి, పాతదాని మీద అంతకంటే ఎక్కువ వోల్టులు రాసి ఉంటే అంతటిదే వేయండి. మెయిన్స్‌కు అడ్డంగా ఉన్నదానికి మాత్రం మెయిన్స్ కోసమే చేసిన, ఎక్స్2 అని ముద్ర ఉన్నదే వేయాలి, మామూలుది వేస్తే అంటుకుంటుంది. పెద్ద అల్యూమినియం డబ్బా లాంటి ఎలక్ట్రోలిటిక్‌ను ఛాసిస్ మీద అలాగే ఉంచి, తీగలు విప్పేసి, కొత్తవాటిని కింద అమర్చండి. పైనుంచి చూస్తే సెట్టు పాతదిగానే కనపడుతుంది. కొందరు పాతవాటికే కొద్దికొద్దిగా వోల్టేజీ పెంచుతూ ప్రాణం పోస్తారు. నేను చేసి చూశాను, కొన్నాళ్లకు మళ్లీ లీకేజీ మొదలైంది. ఒక మెగ్ ఓమ్‌కు పైనున్న కార్బన్ రెసిస్టెన్సుల్ని కూడా ఒక కొస విప్పి కొలవండి, ఏళ్లు గడిచేకొద్దీ వాటి విలువ పెరిగిపోతుంది. ఈ సామాను కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, జాబితా రాసుకుని ఒకేసారి వెళ్లండి.

ఆంటెన్నా సాకెట్ దగ్గరుండే చిన్న కండెన్సర్లను మర్చిపోకండి. ఛాసిస్‌లోని ఫేజు ఆంటెన్నా తీగలోకి రాకుండా ఆపేవి అవే. పాతకాలంలో డాబా మీద గొట్టం పట్టుకుంటే షాక్ కొట్టిందని చెప్పుకునేవాళ్లు, అలా జరగడానికి ఇదొక కారణం. 1977లో దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం మొదలయ్యాక వరంగల్ దాకా, అంటే 140 కిలోమీటర్ల దూరం, బొమ్మ లాగాలని ఎంతెంత ఎత్తు గొట్టాలు నిలబెట్టేవాళ్లో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సిరీస్ బోర్డులో (సెట్టుకు వెళ్లే కరెంటు బల్బు గుండా పోయేలా చేసిన బోర్డు) 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు పెట్టండి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు మొదట గట్టిగా వెలిగి, వాల్వులు వేడెక్కేకొద్దీ కాస్త మందగిస్తే మంచి లక్షణం. అదే వెలుగు తగ్గకుండా ఉంటే ఎక్కడో షార్టు ఉంది, ఆపేయండి. అంతా బాగుంటే బల్బు తీసి నేరుగా ఇవ్వండి. సెట్టు వెనక వోల్టేజీ ట్యాపింగ్ (వోల్టేజీ ఎంచుకునే ఏర్పాటు) ఉంటే 240 దగ్గర పెట్టండి.

బొమ్మ కోసం తొందరపడకుండా ముందు శబ్దం రప్పించండి. సౌండ్ అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్ (సిగ్నల్ అందే పిన్ను) దగ్గర డీసీ సున్నా ఉండాలి. రెండు మూడు వోల్టుల ప్లస్ కనపడితే అక్కడి కప్లింగ్ కండెన్సర్ (ముందు వాల్వు నుంచి సిగ్నల్ తెచ్చేది) లీకు. అలాగే నడిపితే వాల్వు, దాని ట్రాన్స్‌ఫార్మర్ రెండూ కాలిపోతాయి.

ఇక్కడి నుంచి అసలు పని, లైన్ సెక్షన్ (తెర మీద అడ్డగీతలు గీసి, ఈహెచ్‌టీ పుట్టించే భాగం). దీపాలు ఆపేసి గది చీకటి చేసి, పైన టోపీ ఉన్న పీఎల్504ను చూస్తూ స్విచ్చి వేయండి. ఫిలమెంటు నారింజ రంగులో వెలగడం మామూలే. దాని చుట్టూ ఉన్న బూడిదరంగు ప్లేటు మీద ఒక మూల ముదురు ఎరుపు మొదలై పాకుతోందంటే వెంటనే ఆపేయాలి. గ్రిడ్‌కు డ్రైవు, అంటే వాల్వును నడిపే సిగ్నల్, అందడం లేదని దాని అర్థం. హనుమకొండలో నాకు పని నేర్పిన పాత మెకానిక్ కాక ఎప్పుడూ అనేవాడు: “ప్లేటు ఎర్రవడ్డదంటే నువ్వు మీటరు కోసం చూడకు తమ్మీ, స్విచ్చి కోసం చూడు.” డ్రైవు ఉందా లేదా అన్నది గ్రిడ్ మీద తెలుస్తుంది, అక్కడ కొన్ని పదుల మైనస్ వోల్టులు రావాలి. లేకపోతే ఆ సిగ్నల్ పుట్టించే ఆసిలేటర్ వైపు వెనక్కి వెళ్లండి. ఉన్నా ఎర్రబడుతోందంటే బూస్ట్ కండెన్సర్ మీద అనుమానపడండి. వాల్వు టోపీ మీద మాత్రం మీటరు పెట్టొద్దు, అక్కడ వేల వోల్టుల పల్సులుంటాయి, మీటరు పోతుంది.

లైన్ సెక్షన్ లేచిందని ముందు చెవికి తెలుస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కోదానికి 625 గీతలు, మొత్తం 15,625 హెర్ట్జ్ సన్నటి ఈల. నాకిప్పుడు అది వినపడదు. మా అమ్మాయి పక్క గదిలోంచే “వస్తోంది నాన్నా” అంటుంది. ఆ తర్వాత తెర దగ్గరికి మోచేయి పెడితే వెంట్రుకలు లేస్తాయి, చీకట్లోంచి నీలిబూడిద వెలుగు మెల్లగా పరుచుకుంటుంది. చుర్రుమనే శబ్దం, నీలి మెరుపులు వస్తే మాత్రం ఆపి, ఈహెచ్‌టీ టోపీ చుట్టూ ఉన్న దుమ్మును మళ్లీ తుడవండి.

వెలుగు పైనుంచి కింది దాకా నిండకుండా అడుగున మడత పడితే బొమ్మ ఎత్తును చూసుకునే పీసీఎల్85 వాల్వు చుట్టూ చూడండి, క్యాథోడ్ ఎలక్ట్రోలిటిక్ లేదా కప్లింగ్ కండెన్సర్ అయి ఉంటుంది. ఎత్తు తగ్గితే ఇందాక చెప్పిన పెద్ద విలువల రెసిస్టెన్సులు.

బొమ్మ ఎక్కడి నుంచి తేవాలన్నది ఇంకో చిక్కు. దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 నాటికి దాదాపు అన్నీ ఆగిపోయాయి. మీ సెట్టులో వీహెచ్‌ఎఫ్ ఛానెళ్లు 2 నుంచి 12 దాకానే ఉంటాయి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న మాడ్యులేటర్లలో (బొమ్మను, శబ్దాన్ని టీవీ ఛానెల్‌గా మార్చేవి) కొన్ని యూహెచ్‌ఎఫ్‌వి, కొన్ని వేరే దేశపు పద్ధతివి, చూడకుండా కొంటే డబ్బు దండగ. మంచి దారి మీ ఊరి కేబుల్ ఆపరేటర్ దగ్గరుంది. కేబుల్ డిజిటల్ అయ్యాక కంట్రోల్ రూముల్లోని పాత ఆడియో వీడియో మాడ్యులేటర్లు తుక్కుగా మిగిలాయి. 5 నుంచి 12 మధ్య ఏదైనా ఛానెల్‌ది అడిగి తెచ్చుకోండి. దాని అవుట్‌పుట్ చాలా ఎక్కువ, మధ్యలో సిగ్నల్‌ను తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాలి. చదును తీగ ఆంటెన్నా సాకెట్ అయితే 75 నుంచి 300 ఓమ్‌లకు మార్చే చిన్న ముక్క, బాలన్, కూడా కావాలి. సెట్‌టాప్ బాక్సు పసుపు, ఎరుపు తీగలు మాడ్యులేటర్‌కు ఇస్తే చాలు.

బొమ్మ మసకగా, తెల్లని చోట్లు వెండిలా మెరుస్తూ వస్తే ట్యూబు పోయిందని నిర్ణయించకండి. రోజూ కాసేపు మామూలు వోల్టేజీ మీదే నడపండి, ఏళ్లుగా పడుకున్న ట్యూబు చాలాసార్లు కోలుకుంటుంది. ఫిలమెంటు వోల్టేజీ పెంచి వెలుగు తెస్తామనేవాళ్లకు ఇవ్వకండి, ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవదు.

వాల్వు నిజంగానే పోతే పాత రేడియో మెకానిక్‌ల సొరుగుల్లో వెతకండి, బెంగళూరు బీఈఎల్ చేసినవి ఇంకా బయటపడుతున్నాయి. ఆన్‌లైన్‌లో ‘కొత్తది’ అని నాకు అంటగట్టిన పీఎల్504 పిన్నుల మీద గీతలు స్పష్టంగా ఉన్నాయి, కొనేముందు పిన్నుల ఫొటో అడగండి.

ఈ వారంలో మీరు చేయాల్సింది వెనక అట్ట విప్పడం ఒక్కటే. అట్ట లోపలివైపో పెట్టె అడుగునో సర్క్యూట్ కాగితం అంటించి ఉంటుంది. దాని ఫొటో, ఛాసిస్ రెండు వైపుల ఫొటోలు ఇక్కడ పెట్టండి. ఏయే కండెన్సర్లు ముందు మార్చాలో వాటి మీదే గుర్తులు పెట్టి ఇస్తాను.