పొద్దున దాకా చూద్దామా, ఇప్పుడే తీసుకెళ్లాలా?

ఎండలు ముదిరాయంటే కుక్కల కడుపు గోలల మీద ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి నాలుగింటికి జవాబులు. చిన్న కుక్కపిల్ల సంగతి ముందు చెప్తాను, మిగతావి కాసేపు ఆగినా అది ఆగేది కాదు.

ప్రశ్న: డాక్టరు గారూ, మా వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్కపిల్లకు రెండున్నర నెలలు. నిన్న సాయంత్రం నుంచి వాంతులు, ఇవాళ నీళ్ల విరేచనాల్లో రక్తం. ఒక డోసు టీకా వేయించాం. పెరుగన్నం పెట్టి మోషన్లు ఆగే మాత్ర వేస్తే సర్దుకుంటుందని పక్కింటివాళ్లు అంటున్నారు. ఒకరోజు చూడొచ్చా? (ఒక పాఠకురాలు, తాడేపల్లిగూడెం)

జవాబు: వద్దమ్మా. ఉత్తరం అందిన రోజే మీకు ఫోన్లో చెప్పాం, ఇక్కడ రాసేది మిగతావాళ్ల కోసం. ఆరు నెలల్లోపు పిల్ల తిండి ముట్టకుండా వాంతులు చేసుకుంటూ, ముక్కు పగిలిపోయే వాసనతో నెత్తురు విరేచనాలు పోతుంటే, పార్వో (పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) కాదని తేలేదాకా పార్వో అనుకునే పరిగెత్తాలి. మలం కొంచెం తీసి కిట్‌లో వేస్తే నిమిషాల్లో తెలుస్తుంది, కిట్ ఒక్కోసారి లేదని చూపించినా లక్షణాలను బట్టి వైద్యం మొదలెట్టేస్తారు. వైద్యమంటే ముఖ్యంగా సెలైన్, వాంతులు తగ్గే ఇంజెక్షన్లు, దెబ్బతిన్న పేగుల్లోంచి బాక్టీరియా రక్తంలోకి పాకకుండా యాంటీబయాటిక్. పిల్ల ప్రాణం మీదికి వచ్చేది ఒంట్లో నీరు పోయి, షుగర్ పడిపోయి, రక్తంలో ఇన్ఫెక్షన్ చేరడం వల్ల. మొదట్లోనే సెలైన్ పడితే చాలావరకు బతుకుతాయి, రెండు రోజులు పెరుగన్నంతో గడిపి తెస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు.

‘టీకా వేయించాం కదా’ అనేది నేను రోజూ వినే మాట. తల్లి ముర్రుపాల నుంచి పిల్లకు వచ్చిన రక్షణే కొన్ని వారాలపాటు టీకాను పని చేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందనేది ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలెట్టి 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. ఒక్క డోసుతో ధైర్యంగా ఉండటానికి లేదు.

మోషన్లు ఆగే మాత్ర సొంతంగా అస్సలు వేయొద్దు. వాంతులవుతున్న పిల్ల నోట్లో ఏదీ బలవంతంగా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో ఫినాయిల్‌ను నమ్ముకోకండి, పార్వో వైరస్ దానికి లొంగే రకం కాదు, నెలల తరబడి నేలను పట్టుకుని ఉంటుంది. మలం ఎత్తేసి, సబ్బుతో కడిగాక, ఒక వంతు బ్లీచ్ ద్రావణాన్ని 30 వంతుల నీళ్లలో కలిపి పోసి పది నిమిషాలు వదిలేయండి. మనుషులకు ఇది అంటదు గానీ మీ చెప్పుల మీద ఎక్కి పక్కింటి కుక్కపిల్ల దాకా వెళ్తుంది.

ప్రశ్న: మా మూడేళ్ల లాబ్రడార్ నాలుగు రోజుల కిందట మామిడి టెంక మింగేసింది. రెండు రోజులు మామూలుగానే ఉంది. ఇప్పుడు తిన్నదంతా కక్కేస్తోంది. ఉప్పునీళ్లు తాగిస్తే బయటికొస్తుందా? (ఒక పాఠకుడు, నూజివీడు)

జవాబు: ఉప్పునీళ్లు వద్దే వద్దు, రక్తంలో సోడియం పెరిగిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. టెంకతో వచ్చిన చిక్కల్లా అది కడుపులో రోజుల తరబడి కదలకుండా ఉండి, ‘ఏం కాలేదులే’ అని మనం అనుకునే సమయానికి చిన్నపేగులోకి జారి అడ్డం పడటం. ఇవాళే తీసుకెళ్లండి, వెళ్లగానే టెంక సంగతి చెప్పండి, ఎందుకంటే ఎక్స్‌రేలో అది ఎముకలా తెల్లగా కనపడకపోవచ్చు, అల్ట్రాసౌండ్ కూడా చూడాల్సి వస్తుంది. కడుపులోనే ఉంటే కొన్నిచోట్ల ఎండోస్కోపీతో తీయగలరు, పేగులో ఇరుక్కుంటే మాత్రం ఆపరేషనే. ఆలస్యం చేస్తే ఆ చోట రక్తం ఆడక పేగు నల్లబడి, ఆ ముక్క కోసేయాల్సి వస్తుంది. మీకు గన్నవరం పశువైద్య కళాశాల దగ్గరే కదా, స్కానింగ్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

బయల్దేరే ముందు ఒకటి చూడండి. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. చిగురు తడిగా, జారుడుగా ఉండాలి. జిగటగా వేలికి అంటుకుంటే నీరు తగ్గినట్టు, పాలిపోయి ఉంటే ఇంకా తొందరపడాలి. చిగుళ్లు నల్లగా ఉండే కుక్కయితే కింది కనురెప్ప లోపలి వైపు రంగు చూడండి. ముందు కాళ్లు చాపి నేలకు వంగి, వెనక భాగం పైకెత్తి ఉండిపోతుంటే అది ఆట కాదు, కడుపు నొప్పి.

జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద ఛాతీ కుక్కలున్నవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: పొట్ట ఉబ్బి, డోకుతున్నా ఏమీ బయటికి రాకపోతే కడుపు మెలిపడి ఉండొచ్చు. అర్ధరాత్రయినా సరే డాక్టర్ని లేపండి.

ప్రశ్న: మా పామరేనియన్‌కు పదకొండేళ్లు. కుంటుతోందని మా అబ్బాయి మనుషులు వేసుకునే డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర మూడు రోజులు వేశాడు. ఇప్పుడు మలం నల్లగా తారులా వస్తోంది. (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: మాత్ర వెంటనే ఆపేయండి. నల్లటి తారు మలమంటే పైన కడుపులో పుండు పడి కారిన రక్తం అరిగి వస్తోందని అనుమానించాలి. ఆ మాత్రల స్ట్రిప్ పట్టుకుని ఈరోజే వెళ్లండి, కిడ్నీలకు కూడా రక్తపరీక్ష చేయాల్సి ఉంటుంది. ఇబుప్రోఫెన్‌దీ ఇదే కథ. ఒంటి మీద పిడుదులుంటే ఆ మాటా చెప్పండి, పిడుదుల జ్వరంలోనూ మలం నల్లగా రావచ్చు. (ఐరన్ టానిక్ తాగిస్తున్నా నల్లగానే వస్తుంది, అదీ దాచకండి.)

ప్రశ్న: మా బీగిల్ వారంలో రెండుసార్లు తెల్లారుజామున పసుపు నురగ కక్కి, గడ్డి తిని, తర్వాత హుషారుగా తిరుగుతుంది. టెన్షన్ పడాలా? (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: అంత అక్కర్లేదు. రాత్రి ఎనిమిదింటికి తిని పొద్దున దాకా ఖాళీ కడుపుతో ఉంటే పిత్తం పైకి తన్ని అలా అవుతుంది. రోజువారీ తిండిలోంచే కొంచెం తీసి పడుకునే ముందు పెట్టి చూడండి, చాలా కుక్కలకు దాంతోనే ఆగిపోతుంది. ఎప్పుడైనా ఒకటి రెండు పల్చటి మోషన్లు అయినా, కుక్క ఆడుతూ నీళ్లు తాగుతుంటే ఒకరోజు చూడొచ్చు: మెత్తటి అన్నంలో తోలు తీసి ఉడికించిన చికెన్ కలిపి కొంచెం కొంచెంగా పెట్టండి, ఉప్పు, మసాలా, ఉల్లిపాయ పడకూడదు, పాలు ఆపేయండి. 24 గంటలు దాటినా తగ్గకపోయినా, నీళ్లు కూడా కక్కేస్తున్నా, బరువు తగ్గుతున్నా చూపించండి. వెళ్లేటప్పుడు మలం కొంచెం కవర్లో పట్టుకెళ్తే నులిపురుగుల పరీక్ష అప్పుడే అయిపోతుంది.