పాట పాడే ముందు పెనం లెక్క చూసుకో

అల్లుడూ,

ఉద్యోగం మానేసి సింగపూర్ హాకర్ సెంటర్‌లో, అదే తిండి స్టాళ్లన్నీ ఒకేచోట ఉండే సముదాయంలో, దోసెల స్టాలు పెడతానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ మురిసిపోతోందో కంగారు పడుతోందో గొంతును బట్టి తేల్చుకోలేకపోయాను. విన్నప్పుడు గర్వంగానే అనిపించింది, రాత్రికి మాత్రం గుబులు పట్టుకుంది. నీ దోసె గురించి కాదురా, స్టాలు నెల అద్దె ఇంతిస్తానని టెండరులో నువ్వు పాడబోయే పాట గురించి.

చిన్న పనులు ముందు చెప్పేస్తా. నీకు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది కనుక, హాకర్ సెంటర్లు చూసుకునే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఈఏ పిలిచే టెండరు వేయొచ్చు. ఫుడ్ సేఫ్టీ కోర్సు లెవెల్ 1 చేసి ఆహార భద్రత చూసే ఎస్‌ఎఫ్‌ఏ దగ్గర పేరు నమోదు చేయించుకో. స్టాలు తీసుకుని ఇంకొకరికి అద్దెకివ్వడం కుదరదు, నువ్వే నిలబడాలి. డబ్బు తీసుకోవడానికి ఎస్‌జీక్యూఆర్, అంటే అక్కడి ఉమ్మడి క్యూఆర్ కోడ్, పెట్టుకో. బోర్డు మీద తోసై అని రాయించు, అక్కడ అందరూ అడిగేది అలాగే.

ఇక అసలు సంగతి. కొత్తవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న తప్పు ఒకటుంది. మిట్టమధ్యాహ్నం లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ లాంటి చోటికి వెళ్తారు. టిష్యూ ప్యాకెట్లు పెట్టి టేబుళ్లు ఆపుకుంటున్న జనాన్ని చూస్తారు. ఆ ఊపులో పాట పెంచేస్తారు. ఆ జనమంతా నీ ముందే వరస కట్టినా నీ పెనం ఎంతమందికి పెట్టగలదు? అడగాల్సింది అది.

పెనం మీద ఒకేసారి మూడు దోసెలు, తుడిచి మళ్లీ పోయడంతో కలిపి మూడు నిమిషాలు అనుకో. గంటకు అరవై. పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా నూట ఇరవై, అదీ చెయ్యి ఆగకపోతే. పొద్దున, సాయంత్రం కలిపినా మామూలు రోజున నూట యాభై ప్లేట్లు దాటతాయని రాసుకోకు. ప్లేటు సగటున మూడున్నర డాలర్లంటే రోజుకు 525. నెలను ముప్పైతో గుణించకు. వారానికో సెలవు, పైగా శుభ్రం చేయడానికి సెంటర్ మూసే రోజులు. ఇరవై ఆరు వేసుకో: 13,650. అందులో సరుకులకు 35 శాతం, అంటే 4,800 తీసెయ్. సహాయకుడికి 2,200, గ్యాసు, కరెంటు, నీళ్లు, టేబుళ్లు తుడిచే ఖర్చు, గిన్నెలు కడిగే ఖర్చు కలిపి 1,500 అనుకో. మిగిలేది 5,150. అద్దె రెండు వేలైతే నీ చేతికి మూడు వేల చిల్లర. నాలుగు వేలకు పాడావంటే నీ సహాయకుడి జీతం నీకంటే ఎక్కువ! ఈ అంకెలు నమూనాకే, నీవి నువ్వు వేసుకో. లెక్క వేసే వరస మాత్రం మార్చకు.

2012 నుంచి పాటకు కనీస ధర లేదు. ఒక్క డాలరుకు దక్కిన స్టాళ్లూ ఉన్నాయి, 2024లో మెరీన్ పరేడ్‌ హాకర్ సెంటర్‌లో నెలకు పది వేలు దాటి పాడినదీ ఉంది. కాబట్టి పక్కవాడి పాట నీకు కొలత కాదు. అయినా ఎన్‌ఈఏ సైట్‌లో ఏ స్టాలు ఎంతకు పోయిందో చూసుకో, ఆ చుట్టుపక్కల రేటు తెలుస్తుంది.

ఇంకో బోల్తా కూడా ఇక్కడే. పక్క స్టాలు పెద్దాయన ప్లేటు చవగ్గా ఇస్తాడు, నువ్వూ అంతకే ఇద్దామనుకుంటావు. 1971 నుంచి 1986 దాకా రోడ్డు మీద బండ్లు పెట్టుకున్నవాళ్లను తెచ్చి ఈ సెంటర్లలో కుదిర్చారు. ఆ తరంలో మిగిలినవాళ్లకు నెల అద్దె సబ్సిడీతో 192 నుంచి 320 డాలర్లు. నీకు ఆ రాయితీ లేదు. ఆయన ధరకు నువ్వు దిగితే ఆయనకేమీ కాదు, నువ్వు మునుగుతావు. తొందరేం లేకపోతే ముందు కొత్తవాళ్లు చేసి చూసుకునేందుకు ఉన్న ఇంక్యుబేషన్ స్టాల్ పథకానికి అప్లై చెయ్. అద్దెలో రాయితీ ఉంటుంది, ముఖ్యమైన సామాను అమర్చే ఇస్తారు. మామూలు స్టాలులో పొయ్యి, పెనం, ఫ్రిజ్ అన్నీ నీ జేబులోంచే. అప్పు చేసి కొత్త ఫ్రిజ్ కొన్నావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

వంట గురించి నీకు చెప్పక్కర్లేదు గానీ, సింగపూర్ వేడి వేరు. కిలో బియ్యానికి పావు కిలో మినప్పప్పు, చెంచాడు మెంతులు. సుమారు ముప్పై దోసెలొస్తాయి. రుబ్బేటప్పుడు ఐసు నీళ్లు పొయ్, గ్రైండర్ వేడికే పిండి సగం పులుస్తుంది. ఆరేడు గంటల్లో పొంగగానే ఫ్రిజ్‌లోకి తోసెయ్. బయట వదిలేస్తే మధ్యాహ్నం దోసె పుల్లగా, పెనానికి అంటుకుపోతుంది.

కొబ్బరి చట్నీ దగ్గర నాకు నిద్ర పట్టదు. కొంచెం కొంచెంగా రుబ్బు, కాచి చల్లార్చిన నీళ్లతో. ఐదు డిగ్రీల లోపే ఉంచు, కావలసినంతే బయటికి తియ్. మిగిలిన చట్నీలో కొత్తది కలిపావో, పొద్దుటి పాడు మొత్తానికీ పాకుతుంది. సాంబారు అరవై డిగ్రీలకు తగ్గనివ్వకు. ఒక్కడికి కడుపు చెడితే లైసెన్సు దాకా వస్తుంది.

కాళ్ల కింద రబ్బరు చాప వేసుకో, జారని బూట్లు తొడుక్కో. పన్నెండు గంటలు నిలబడే పని, మీ అమ్మకు నీ నడుము మీదే బెంగ. పొద్దున ఏదైనా తిను, దోసెలు పోసేవాడే పస్తుంటాడని నాకు తెలుసు.

టెండరు వేసే ముందు నీ లెక్క కాగితం ఫొటో తీసి నాకు పంపు. అందులో నీ జీతం అని ఒక వరస లేకపోతే వెంటనే ఫోన్ చేసి తిడతాను.

మీ మామయ్య