నీళ్లు లేకపోయినా లైకెన్లు ఎలా బతుకుతాయి?

లైకెన్ అంటే ఫంగస్‌తో ఆల్గే గానీ, సయనోబాక్టీరియా (ఎండతో తిండి తయారుచేసుకునే బ్యాక్టీరియా) గానీ కలిసి బతికే జీవి, దీనికి వేర్లుండవు, నీళ్లు ఆవిరైపోకుండా ఆపే మైనపు పొర కూడా ఉండదు, అందుకే చుట్టూ తడి ఉంటే తడుస్తుంది, లేకపోతే పెళుసుగా ఎండిపోతుంది. కానీ చావదు! ఒంట్లో నీళ్లు 10 శాతం కన్నా తగ్గినా కణాల్లో ఉండే షుగర్ ఆల్కహాల్స్ అనే చక్కెర లాంటి పదార్థాలు వాటిని కాపాడతాయి, తడి తగిలాక కొన్ని నిమిషాల్లోనే మళ్లీ ఫోటోసింథసిస్ మొదలుపెడుతుంది.

నాకు బాగా నచ్చే విషయం ఏంటంటే, గ్రీన్ ఆల్గే ఉన్న వాటిలో చాలావాటికి గాలిలో తేమ చాలు, పొగమంచుతోనే మేలుకుంటాయి, అందుకే వాన పెద్దగా పడని తీరపు ఎడారుల్లో కూడా ఉంటాయి. సయనోబాక్టీరియా ఉన్నవాటికి మాత్రం నిజంగా నీళ్లే తగలాలి. మరీ నానిపోయినా ఇబ్బందే, కార్బన్ డయాక్సైడ్ లోపలికి సరిగా వెళ్లదు.