స్వర్ణముఖి ఒడ్డున విందు, పాటల షో: మా నాయన్ని తీసుకుపోయిన అనుభవం

మీ నాన్నగారి అరవయ్యో పుట్టినరోజుకి తిరుపతి దగ్గర ఏటి ఒడ్డున భోజనంతో పాటు పాత పాటల షో ఉందట, టికెట్లు కొనచ్చా అని అడిగారు. కొనచ్చండి. కాకపోతే ఎవరి పాటలు, ఏ నెలలో అన్నది చూసుకుని కొనండి. నేను చూసుకోలేదు.

బాలుగారు పోయింది 2020 సెప్టెంబర్ 25న. ఆయన పేరు మీద విభావరులు ఎక్కువగా ఆ వారంలోనే పెడతారు. నేను మా నాయన్ని తీసుకుపోయింది 2023 సెప్టెంబర్ 23న, చంద్రగిరి వైపు ఒక తోటకి. భోజనంతో కలిపి మనిషికి 900. అక్కడికి పోయి మూతలు తీసి చూస్తే నాటుకోడి పులుసు, మటన్ వేపుడు, చేప. ఆరోజు పెరటాసి (వెంకన్నకి ప్రీతి అని చెప్పుకునే తమిళ నెల) మొదటి శనివారం! టికెట్ కొన్న నాకూ గుర్తులేదు, వంట చెప్పినాయనకీ గుర్తులేదు. మన చిత్తూరు వైపు ఆ నెలంతా నీసు ముట్టని ఇళ్లు ఎన్నుంటాయో మీకు చెప్పక్కర్లేదు. సంగటి ఉంది గానీ దాంట్లోకి ఉన్నది కోడి పులుసే. నామం పెట్టుకుని వచ్చిన మా నాయన రసం, పెరుగన్నం, ఊర మిరపకాయతో కానిచ్చేశాడు. శాకాహారానికి టికెట్ వేరుగా ఉందేమో ముందే అడగండి.

ఏరు సంగతి కూడా నెలని బట్టే. మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలకే కదా, సెప్టెంబర్‌లో స్వర్ణముఖి అంటే ఇసుక, ముళ్లచెట్లు, దోమలు. నీళ్లు చూడాలని నవంబర్‌లో పెట్టుకుంటే వాన భయం. 2021 నవంబర్‌లో ఇదే ఏరు తిరుచానూరు దగ్గర ఇళ్లనే పడగొట్టింది.

పాటల విషయానికొస్తే, పాడినబ్బాయి మంచోడే. బాలుగారి నవ్వుని అనుకరించబోయిన రెండుచోట్ల తప్ప గొంతు నిలబెట్టాడు. కానీ వయొలిన్, వేణువు మనుషులు వాయించలేదు, ట్రాక్ వేశారు. మా టేబులేమో స్పీకర్ పక్కనే. ఎనిమిదిన్నరకి, పాట మధ్యలో, బఫే మూతలు టంగుమని తెరిచారు. అంతే, జనం ప్లేట్ల కోసం లేచారు. ముందు వరసల్లో కూర్చుని ఉన్నది మా నాయన, నిద్రపోతున్న ఒక పిల్లోడు. పాట అయిపోయాక ఆ అబ్బాయి మా నాయన వైపు చూసి, మైకు కొంచెం దూరంగా పట్టుకుని, ట్రాక్ లేకుండా చివరి చరణం మళ్లీ పాడాడు. ఆ రాత్రి మొత్తంలో నేను డబ్బులిచ్చింది దానికే అనుకున్నాను. మేం లేచేసరికి రసం చల్లారిపోయింది.

మీరు తేదీ ఎంచుకోగలిగితే ఫిబ్రవరి చూడండి. 11న ఘంటసాలగారి వర్ధంతి, 1974లో పోయారు. చలి తగ్గి ఎండ ముదరని రోజులు, రాత్రి ఆరుబయట పెద్దవాళ్లు హాయిగా కూర్చోగలరు. పైగా ఆయన పద్యాలకి ఒక హార్మోనియం, తబలా చాలు, ట్రాక్ గొడవుండదు. ఒకటి మాత్రం నిర్వాహకులకి చెప్పుకోండి: పుట్టినరోజని వచ్చాం, భగవద్గీత వేయొద్దని. మన ఊళ్లలో అది ఎక్కడ వింటామో తెలుసు కదా. బాలుగారి జయంతి జూన్ 4న. ఆ ఉక్కలో బయట షో అంటే నేనైతే పోను. భోజనం లేకపోయినా పర్లేదంటే తిరుపతిలో మహతి ఆడిటోరియంలో జరిగే కార్యక్రమాలు కనుక్కోండి, పాట అక్కడే బాగా వినపడుతుంది.

ఫోన్ చేసినప్పుడు అడగాల్సింది వాయిద్యాలా ట్రాకా, భోజనం షోకి ముందా మధ్యలోనా అని. స్పీకర్‌కి దూరంగా టేబుల్ కావాలనండి. తిరిగి రావడానికి కారు ముందే మాట్లాడుకోండి, రాత్రి పదిన్నరకి ఆ రోడ్డు మీద మాకు ఆటో దొరకడానికి ముప్పావు గంట పట్టింది.